గొంతు శస్త్రచికిత్స అయింది కదా అని ఉపాధ్యాయ వృత్తి మానుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఉపాధ్యాయ శిక్షణ చివరి సంవత్సరం చదువుతోంది. స్వరతంత్రి మీద చిన్న బుడిపెలా ఏర్పడిన పాలిప్‌ను రెండు నెలల క్రితం తీయించాం. ఇప్పటికీ సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది. వేరే కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. రెండు నెలలనాటి గొంతును చూసి జీవితకాలపు వృత్తిని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. మహిళల స్వరతంత్రులు మామూలు మాటల్లోనే సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి. పైపొర, దాని కింద ఉండే జెల్లీ వంటి మెత్తని పొర మీద అలలా కదిలితేనే స్వరం స్పష్టంగా పలుకుతుంది కాబట్టి, కోత పడిన చోట వాపు తగ్గి ఆ కదలిక తిరిగి రావడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. అక్కడ మచ్చ కట్టి ఉంటే అది మెత్తబడడానికి ఏడాది కూడా పట్టవచ్చు.

ఆగమన్నాను కదా అని పరీక్షను మాత్రం వాయిదా వేయకండి. శస్త్రచికిత్స చేసిన ఈఎన్‌టీ వైద్యుణ్ణి కలిసి, స్వరతంత్రుల కంపనాన్ని చూపే స్ట్రోబోస్కోపీ గురించి అడగండి. మిగిలిన వాపు, మచ్చ, పాలిప్ మళ్లీ రావడం, కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం, వీటిలో ఏది కారణమో తెలియకుండా వృత్తి గురించి ఆలోచించడం వృథా. పాలిప్ ఉన్న రోజుల్లో మెడ కండరాలు బిగించి మాట్లాడడం అలవాటై, అది తీసేశాక కూడా అలాగే కొనసాగేవారు ఉంటారు. సాయంత్రానికి అలసిపోయే గొంతుల్లో ఈ సంగతి తప్పక చూడాలి, ఎందుకంటే స్పీచ్ థెరపిస్టు దగ్గర క్రమంగా సాధన చేస్తే ఇది చాలావరకు సర్దుకుంటుంది. ఊపిరి ఆడకపోయినా, రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఫలితం అందరికీ ఒకేలా ఉండదని కూడా చెప్పాలి. గాయని అడెల్ 2011 నవంబరులో స్వరతంత్రి శస్త్రచికిత్స చేయించుకుని 2012 ఫిబ్రవరిలో గ్రామీ వేదికపై పాడారు. 1997లో శస్త్రచికిత్స తర్వాత నటి, గాయని జూలీ ఆండ్రూస్ గానస్వరం మునుపటిలా తిరిగి రాలేదు, అయినా నటననూ, పిల్లల పుస్తకాల రచననూ కొనసాగించారు. బోధనకు గాయకుల స్థాయి స్వరం అక్కర్లేదు; రోజంతా నిలిచే స్వరం కావాలి.

అందుకే బోధనాభ్యాసం మొదలయ్యేలోపు వైద్యుని లేఖతో కళాశాలను కలవండి. వరుస పీరియడ్లు లేకుండా చూడమనీ, చిన్న మైకు వాడనివ్వమనీ అడగండి. ఏడాది తర్వాత కూడా గొంతు నిలవకపోతే, పాఠ్యాంశాల రూపకల్పన, మూల్యాంకనం వంటి పనులకు ఇదే శిక్షణ పనికివస్తుంది. అప్పుడు కూడా కోర్సు మార్చాల్సిన అవసరం ఉండదు.