చెల్క సేద్యానికి దిగుతున్న మనవరాలికి

చిరంజీవికి, తాత ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు హైదరాబాదులో ఉద్యోగం మానుకొని మన దేవరకొండ చెల్కలో, ఆ ఎర్రటి మెట్ట నేలలో, సేద్యం చేస్తానన్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అందరూ వదిలేసి పోయిన భూమిని ఇంటి ఆడబిడ్డ తలకెత్తుకుంటోందని గర్వపడ్డాను. అయితే వాలు సరిచేయడానికి జేసీబీ మాట్లాడుతున్నావని కూడా ఆయనే చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

భూసార పరీక్ష చేయించు. వానలకు ముందే గట్లు చూసుకో. బోరును నమ్మి పంట ఎంచుకోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

మీ చిన్నతాత సంగతి మాత్రం నీకు తెలియదు. మీ నాన్న పదో తరగతి చదివే రోజుల్లో, బోరులో నీళ్లు పడిన సంతోషంతో, వేరుశనగకు తడి సమంగా పారాలని ఆయన తన పై చెల్కను బుల్డోజరుతో చదును చేయించాడు. మిట్ట మీది మట్టినంతా పల్లానికి నెట్టించాడు. పొద్దుగూకే సరికి చేను బల్లపరుపుగా తయారైంది, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పైనుండే జానెడు మట్టి పల్లంలో పూడుకుపోయి, అడుగున ఉండాల్సిన మొరం పైకి తేలిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ వానకాలం వేరుశనగ మొలిచింది గానీ, ఆకు పాలిపోయి ఎదుగుదల ఆగిపోయింది. డీఏపీ వేశాడు, యూరియా చల్లాడు, అప్పు తెచ్చి మళ్లీ వేశాడు. మరుసటి ఏడు కంది పెడితే అదీ అంతే. ఒకనాడు నేను అక్కడి కంది మొక్కనొకదాన్ని పారతో మట్టిపెళ్లతో సహా లేపి, నీళ్లలో కడిగి చూశాను. వేళ్లకు నాలుగైదు బుడిపెలు ఉన్నాయి, గోటితో చీలిస్తే లోపల తెల్లగా ఉన్నాయి. గట్టుకు ఇవతల మన చేలోని కంది వేళ్లకు మాత్రం బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి, చీలిస్తే లోపల గులాబీ రంగు తేలింది.

ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థానిది, అది మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. బుడిపెలో కాపురముండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. ఆ పనికి ఆక్సిజన్ ఎక్కువైతే చెరుపు గనుక, ఈ పదార్థం దాన్ని అదుపులో ఉంచుతుంది. అది లేని తెల్ల బుడిపె ఆ పని చేయదు. బదులుగా మొక్క తన ఆకులు చేసిన చక్కెరను వేళ్లకు పంపుతుంది. మైకోరైజా అనే శిలీంధ్రానిదీ ఇదే ఒప్పందం. వేరు దూరలేని సందుల్లోకి దాని సన్నని పోగులు పాకి భాస్వరం తెచ్చిపెడతాయి. మన ఎర్రనేలలో ఉన్న భాస్వరంలో చాలా భాగం ఇనుముతో పెనవేసుకొని పంటకు చిక్కదు, మనం వేసే డీఏపీలోది కూడా కొంత అలాగే బిగుసుకుపోతుంది. కంది వేరు పిసిడిక్ ఆమ్లాన్ని వదిలి ఆ ఇనుప ముడిని విప్పగలదని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్తలు 1990లో ప్రకటించారు. జొన్నలో కంది సాళ్లు వేసిన మన పెద్దలను తలచుకొని ఆ రోజు నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

ఈ ప్రాణులలో ఎక్కువ భాగం, వాటి తిండి అయిన కుళ్లిన ఆకూ అలమూ, ఆ పై జానెడులోనే ఉంటాయి బిడ్డా. దాన్ని ఒక్క పూటలో తోసేయవచ్చు. మీ చిన్నతాత చేను తేరుకున్నది మాత్రం ఏళ్ల తరబడి గొర్రెల మందలు పెట్టించి, 2015లో చెరువులు బాగుచేసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు పూడిక మట్టి తోలించిన తరువాతనే. అప్పటికి ఆయనకు పార ఎత్తే సత్తువ లేదు. గట్టు మీద కూర్చొని పచ్చబడిన చేను చూసేవాడు.

చదువుకున్నదానివి, ఇంత తొందరేమిటి? వాలుకు అడ్డంగా దున్ను, అడ్డంగానే సాళ్లు వేయి, నీళ్లు ఉరికే చోట గట్టు పోయించు. మొదటి ఏడు జొన్న, కంది కలిపి వేయి. కంది విత్తనానికి బెల్లం నీళ్లతో రైజోబియం పొడి పట్టించి నీడలో ఆరబెట్టు. శిలీంధ్ర నాశక మందు, ఈ పొడి ఒకేసారి కలపకు, ఆ మందుకు బాక్టీరియా చచ్చే ప్రమాదం ఉంది. రాలిన కంది ఆకును తగలబెట్టనివ్వకు. విత్తిన ఐదారు వారాలకు ఒక మొక్కను నెమ్మదిగా లేపి బుడిపెలు చీల్చి చూసి, ఏ రంగున్నదో నాకు ఫోను చేయి.

జేసీబీకి బయానా ఇచ్చి ఉంటే, వాళ్లు తిరిగి ఇవ్వకపోయినా బెంగపడకు, నా పింఛనులోంచి పంపుతాను. మిషన్‌ను మాత్రం చేలో దిగనివ్వకు.

మీ తాత