షట్టర్ మోటార్ సరే, బ్యాంకులో ఆ 45 వేల సంగతేంటి?

ప్రశ్న: మాది తిరుపతి, తిరుచానూరు రోడ్డు వైపు. ఇల్లు కట్టుకుని ఇంకా ఏడాది కాలేదు. కారు షెడ్డుకు 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు రోలింగ్ షట్టర్ ఉంది. నడుం నొప్పితో రోజూ ఎత్తి దించలేక మోటార్ పెట్టిద్దామనుకుంటున్నాను. ఉన్న షట్టర్‌కే సైడ్ మోటార్ బిగిస్తే 32,000, బ్యాటరీ ఉండే డీసీ మోటార్ అయితే 54,000 అన్నారు. అమెరికాలో మా బావమరిది ఇంట్లో ఉన్నట్టు షట్టర్ తీసేసి, ముక్కలుగా పైకప్పు కిందికి జరిగే తలుపు, బెల్ట్ మోటార్, రెండు కెమెరాలు పెడితే 1,40,000 అవుతుందట. నాకు అదే నచ్చింది. అర హార్స్‌పవర్ చాలా, ముప్పావు కావాలా? బ్యాంకు యాప్‌లో 15 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ సిద్ధంగా ఉంది. తెలిసినాయన ఒకరు రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నారు. నెలకు 5,000 కట్టే లక్ష రూపాయల చీటీ ఇంకా 8 నెలలుంది, అది పాడేయమంటారా? జీతం చేతికి 68,000 వస్తుంది. ఇంటి లోన్ 27,500, కారు లోన్ 9,200, చీటీతో కలిపి ఇంటి ఖర్చు 25,000. మా అమ్మగారికి 72 ఏళ్లు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా 3 లక్షలకు ఉంది. బ్యాంకులో 45,000 ఉంది.

జవాబు: మోటార్ల గురించి అంత వివరంగా రాసి, బ్యాంకులో ఉన్న డబ్బు గురించి ఆఖర్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు వచ్చే ప్రశ్నల్లో చాలా వాటి వరస ఇదే కాబట్టి మీ ఉత్తరం ఎంచుకున్నాను. గృహప్రవేశం అయిన మొదటి రెండేళ్లలో మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఇంటి లోన్ మొదలైపోయింది కదా, దానిమీద ఇంకో నాలుగు వేలు పెద్ద లెక్కా అనుకుంటారు. మాడ్యులర్ కిచెన్‌కు ఒక ఈఎంఐ, ఏసీలకు ఒకటి, ఇప్పుడు షట్టర్‌కు ఒకటి. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని ఊరికే అనలేదు పెద్దలు. కోపం తెచ్చుకోకండి, లెక్క చూశాక మీరే అంటారు.

మీ రెండు ఈఎంఐలు కలిపి 36,700. జీతంలో సగం దాటిపోయింది. ఇంటి ఖర్చు కలిపితే నెలకు 61,700 బయటికి పోతోంది. అంటే మీ దగ్గరున్న 45,000 సరిగ్గా 22 రోజులకు వస్తుంది. జీతం ఒక్క నెల ఆగితే 23వ రోజున మీరు ఎవరినో అడగాలి. మీరున్నది ప్రైవేటు ఉద్యోగంలో. కంపెనీ మంచిదే కావచ్చు, కానీ ఆర్డర్లు తగ్గినప్పుడు, యాజమాన్యం మారినప్పుడు జీతం ఆలస్యం కావడం రేణిగుంట చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు.

పైగా మీ ఇంటి ఖర్చు 25,000 అంటే నాకు అనుమానమే. తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాళ్లకు బంధువులు దర్శనానికి వస్తూనే ఉంటారు. వాళ్లకు భోజనాలు, కొండకు ట్యాక్సీ, వెళ్లేటప్పుడు చీర, పసుపు కుంకుమ. బ్రహ్మోత్సవాల నెలలో ఈ ఖర్చు ఎంతవుతుందో మీ ఆవిడను అడగండి. ఈసారి మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని లెక్క రాయండి. ప్రస్తుతానికి మీరు చెప్పిన అంకెనే తీసుకుంటాను.

మూడు నెలల ఖర్చు పక్కన ఉండాలంటే 1,85,000 కావాలి. నిజానికి మీలాంటి ఇంటికి, ఒకే జీతం, పెద్దావిడ, రెండు లోన్లు ఉన్నచోట, ఆరు నెలలది ఉండాలంటాను. సరే, మూడు నెలలే అనుకుందాం. మీ దగ్గర 45,000 ఉంది, లోటు 1,40,000. మీరు తలుపు కోసం చేయబోయే అప్పు ఎంతో లోటూ అంతే! కాకతాళీయమే అయినా చూసి నవ్వొచ్చింది. గొయ్యి ఎంత లోతుందో అంత మట్టి తెచ్చి పక్కవాళ్ల స్థలంలో పోస్తున్నారు మీరు.

ఇక ఆ పర్సనల్ లోన్. 1,40,000కు 15 శాతం చొప్పున 36 నెలలకు ఈఎంఐ సుమారు 4,850. మొత్తం వడ్డీ 34,700 దాకా అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం వేసి, దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తే ఇంకో 3,300. అంటే అప్పు ఖర్చే 38,000. మీకు 32,000కు కొటేషన్ ఇచ్చిన సైడ్ మోటార్ ఉంది చూశారూ, దాని ధర కన్నా ఈ అప్పు చేసే ఖర్చే ఎక్కువ. ప్రస్తుతం నెలకు మీకు మిగులుతున్నది 6,300. ఈ ఈఎంఐ వచ్చాక మిగిలేది 1,450. దాంతో అత్యవసర నిధి ఎప్పటికి తయారవుతుందో మీరే చెప్పండి. యాప్‌లో లోన్ "సిద్ధంగా ఉంది" అన్నారు. బ్యాంకు దగ్గర అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మీరు సిద్ధంగా ఉన్నారా లేదా అన్నది వాళ్లకు పట్టదు.

రెండు రూపాయల వడ్డీ మాట ఎత్తకండి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 1,40,000కు నెలనెలా 2,800 వడ్డీ కడుతూ పోతే ఏడాదికి 33,600 పోతుంది, అసలు మాత్రం అలాగే కూర్చుని ఉంటుంది. పైగా ఆయన "తెలిసినాయన". ఇంటి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మీ కొత్త తలుపు చూస్తూ వెళతాడు. చిత్తూరులో ఒక కుటుంబం ఇలాగే ఇంటి సోకులకు వడ్డీకి తెచ్చుకుంది. రెండు నెలలు జీతం రాకపోయేసరికి క్రెడిట్ కార్డు మీద నగదు తీసి ఆ వడ్డీ కట్టారు. కార్డు మీద నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ మొదలు, పైన ఫీజు వేరు. అక్కడి నుంచి నగలు కుదువ పెట్టే దాకా రావడానికి ఎన్నాళ్లో పట్టలేదు. మీరు నగల ప్రస్తావన తేలేదు, సంతోషం. ఇక ముందూ తేకండి.

చీటీ మాత్రం పాడొద్దు. ఇప్పుడు పాడితే తగ్గించి తీసుకోవాలి, చివరిదాకా ఉంచితే కమిషన్ పోను సుమారు 95,000 వస్తుంది. అయితే అది రిజిస్టరైన చీటీయా, వీధిలో ఎవరో నడిపే చీటీయా అన్నది రాయలేదు. వీధి చీటీ అయితే నా లెక్కలో దాన్ని నమ్మకండి. రిజిస్టరైనదే అయితే చూడండి: ఇప్పుడున్న 45,000, ఎనిమిది నెలల మిగులు 50,400, చీటీ 95,000. మొత్తం 1,90,400. ఎనిమిది నెలల్లో మీ మూడు నెలల నిధి పూర్తయింది. చీటీ అయిపోయింది కాబట్టి అప్పటి నుంచి నెలకు 11,300 మిగులుతుంది. ఇంకో మూడు నెలలకు 33,900. సైడ్ మోటార్ డబ్బు చేతిలో ఉంది. అప్పు లేదు, ఈఎంఐ లేదు, పదకొండు నెలలు ఓపిక పట్టాలి, అంతే. ఈ నిధిని జీతం పడే ఖాతాలో ఉంచకండి. యూపీఐకి కలపని వేరే బ్యాంకు ఖాతాలో, ఎఫ్‌డీలుగా పెట్టండి. ఫోన్‌తో ఖర్చు పెట్టేసే చోట ఉంటే అది నిధి కాదు, చిల్లర.

ఆరోగ్య బీమా గురించి ఒక్క మాట. కంపెనీ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది. మీ దంపతులకు సొంత పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఆ ప్రీమియం కట్టడం వల్ల నా లెక్క రెండు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు. అమ్మగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌తో దరఖాస్తు చేయండి.

ఇప్పుడు మోటార్. మీరు అడిగిన అర, ముప్పావు హార్స్‌పవర్ లెక్క మీ బావమరిది ఇంటి తలుపుకు సంబంధించింది. అక్కడి తలుపు బరువును మోయేది మోటార్ కాదు, పైనున్న టార్షన్ స్ప్రింగులు, అంటే మెలితిప్పి బిగించిన స్ప్రింగులు. స్ప్రింగులు సరిగ్గా ఉంటే తలుపు సగంలో వదిలినా అలాగే నిలబడుతుంది, అందుకే అర హార్స్‌పవర్, అంటే 373 వాట్లు, సరిపోతుంది. ఇక్కడ షట్టర్ మోటార్లను ఎన్ని కిలోలు ఎత్తుతుందో చూసి అమ్ముతారు. రేకు మందం, కొలతలు తీసుకుని మీ షట్టర్ బరువు లెక్కకట్టమనండి. 10 బై 8 ఇంటి షట్టర్‌కు సాధారణంగా 300 కిలోల మోటార్ ధారాళంగా చాలు, ఆరు వందలది అంటగడితే ఎందుకో అడగండి.

అసలు మోటార్ కన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. ఏడాది కూడా కాని షట్టర్ నడుం పట్టేసేంత బరువుగా ఉందంటే స్ప్రింగులు సరిగ్గా బిగించి ఉండరు, లేదా షట్టర్ జారే పక్క చానెళ్లు వంకరగా ఉంటాయి. షట్టర్ మిస్త్రీని పిలిచి సరిచేయించండి, చానెళ్లు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించండి. మోటార్‌తో పోలిస్తే దీనికయ్యేది ఏపాటి? మీరు మాత్రం స్ప్రింగుల జోలికి వెళ్లకండి, బిగుతు మీద ఉన్న స్ప్రింగు వదులైతే చెయ్యి విరుగుతుంది. ఇది చేయించకుండా మోటార్ పెడితే, బిగుసుకుపోయిన షట్టర్‌ను లాగి లాగి మోటారే ముందు పోతుంది. ఆ పదకొండు నెలలూ మీ నడుము తట్టుకోవాలన్నా ఈ మరమ్మతే దారి. నడుం నొప్పికి డాక్టరుకు చూపించారా అన్నది వేరే ప్రశ్న.

32,000దా, 54,000దా అంటే మొదటిదే. కరెంటు పోతే ఎలా అంటారు. సైడ్ మోటార్‌కు చేతి గొలుసు ఉంటుంది, లాగి ఎత్తుకోవచ్చు. బ్యాటరీ మోటార్ మంచిదే, కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి కొత్త గ్యారేజీ మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి చేశారు కూడా. అక్కడ కార్చిచ్చు వచ్చి కరెంటు పోతే జనం కారు బయటికి తీయలేకపోయారు. మీకు ఆ బెడద లేదు, గొలుసుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుదామనుకుంటే, మోటార్ కదిలే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఇన్వర్టర్ తట్టుకుంటుందో లేదో ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాలి.

కరెంటు బిల్లు గురించి భయపడకండి. 500 వాట్ల మోటార్ రోజుకు 80 సెకన్లు తిరిగితే నెలకు యూనిట్‌లో మూడో వంతు. రిమోట్ కోసం ఎదురుచూసే రిసీవర్ 5 వాట్లు లాగినా నెలకు మూడున్నర యూనిట్లు. పని చేసేదాని కన్నా ఊరికే కూర్చున్నదే ఎక్కువ తింటుంది.

రేపు గేటుకు కూడా మోటార్ అంటారేమో, ముందే చెబుతున్నా. జరిగే గేటుకు మోటార్ నేలమీద పెడతారు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఎలా మునిగాయో గుర్తుండే ఉంటుంది. మీ వీధి పల్లమైతే ఆ మోటార్ నీళ్లలోనే. షట్టర్ మోటార్ పైన ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు, స్విచ్ బోర్డు మాత్రం ఎత్తులో పెట్టించండి.

కొన్నప్పుడు బేరంలో సెన్సార్‌ను తీసేయించకండి. అడ్డంగా చిన్నపిల్లలెవరైనా ఉంటే తలుపు ఆగి వెనక్కి వెళ్లాలి. అమెరికాలో 1993 నుంచి చట్టమే ఉంది, మన దగ్గర "అది ఎక్స్‌ట్రా సార్" అంటారు. ఆ ఎక్స్‌ట్రా కట్టండి. కెమెరాలు అక్కర్లేదు.

కొటేషన్ గడువు నెలాఖరుతో అయిపోతుందని మీ డీలర్ తొందరపెడితే, అయిపోనివ్వండి. పదకొండు నెలల తర్వాత కొత్తది తీసుకోండి, అందులో షట్టర్ బరువు, మోటార్ కిలోలు, సెన్సార్, చేతి గొలుసు, వారంటీలో ఇంటికి వచ్చి చూసినందుకు ఎంత తీసుకుంటారు అన్నవన్నీ రాతపూర్వకంగా ఉండాలి.