హైదరాబాద్ మక్కా మసీదుకు ఆ పేరు ఎలా వచ్చింది? నగర జీవితంలో దాని స్థానం ఏమిటి?

మక్కా నుంచి తెప్పించిన మట్టితో ఇటుకలు చేయించి, మధ్య కమానులో పెట్టారని చెబుతారు. పేరు అలా వచ్చింది. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా కాలంలో, 17వ శతాబ్దం మొదట్లో పని మొదలైంది. పూర్తయ్యేసరికి కుతుబ్‌షాహీల రాజ్యమే పోయింది! 1687లో గోల్కొండను గెలిచిన ఔరంగజేబు దాన్ని పూర్తి చేయించాడు.

ఆవరణలో అసఫ్‌జాహీ నిజాంల సమాధులున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇక్కడే ఉన్నాడు, ఏడో నిజాం సమాధి మాత్రం కింగ్ కోఠిలో ఉంది.

నా దృష్టిలో అసలు మసీదును చూడాల్సింది రంజాన్ చివరి శుక్రవారం, జుమాతుల్ విదా రోజున. లోపల చోటు చాలక నమాజు వరుసలు చార్మినార్ రోడ్డు మీదికి వచ్చేస్తాయి. మామూలు రోజుల్లో ముంగిట్లో పిల్లలు పావురాలకు గింజలు చల్లుతుంటారు, అవి ఒక్కసారిగా లేస్తే రెక్కల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు.

2007 మే 18న శుక్రవారం నమాజు వేళ ఇక్కడ బాంబు పేలి ప్రాణాలు పోయాయి. పాతబస్తీ ఆ గాయాన్ని ఇంకా మరచిపోలేదు.