ఫిల్టర్‌ని తిట్టే ముందు ఏజీసీ ఆపండి

సందేహం: నా ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే రేడియో) ట్రాన్సీవర్‌లో, అంటే పంపడం, వినడం రెండూ చేసే సెట్‌లో, ఎస్ఎస్‌బీ (రేడియోలో మాట పంపే ఒక పద్ధతి) ఫిల్టర్‌ని 2.4 కిలోహెర్ట్జ్‌కి పెట్టి, సిగ్నల్ జనరేటర్‌తో కొలిచాను. ఫిల్టర్ అంచు దాటాక కూడా కొంతదూరం ఆడియో తగ్గట్లేదు, తర్వాత ఒక్కసారిగా పడిపోతోంది. రూటర్‌లో పోర్ట్ తెరిచి ఇస్తే మిత్రుడు కూడా తన ఇంటి నుంచే ఇంటర్నెట్ ద్వారా చూసి ఇదే చెప్పాడు. పాస్‌వర్డ్ పెట్టలేదు. ఫిల్టర్ పాడైందా?

జవాబు: సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ అంటే ఒట్టి లెక్క, అది క్రిస్టల్‌లా పాతబడదు. ఇదే ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తోంది, ప్రతిసారీ దొంగ ఏజీసీయే, అంటే ఆడియో ఒకే స్థాయిలో ఉండేలా గెయిన్‌ని (సిగ్నల్‌ని పెంచే మోతాదుని) తనంతట తాను మార్చే ఏర్పాటు. అంచు దాటాక సిగ్నల్ 20 డీబీ తగ్గితే, ఏజీసీ గెయిన్‌ని 20 డీబీ పెంచేస్తుంది. ఇక ఆడియో ఎందుకు తగ్గుతుంది? గెయిన్ పెంచడానికి ఇంకేం మిగలనప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. మీరు గీసిన గ్రాఫ్ ఏజీసీది, ఫిల్టర్‌ది కాదు. వాటర్‌ఫాల్ (సిగ్నళ్లని రంగుల్లో చూపే తెర) చూసి తేల్చేద్దామన్నా కుదరదు, చాలా ప్రోగ్రాముల్లో అది ఫిల్టర్‌కి ముందున్న సిగ్నల్‌ని చూపిస్తుంది.

ఏజీసీ ఆపి, జనరేటర్‌ని పాస్‌బ్యాండ్ (ఫిల్టర్ దాటనిచ్చే ఫ్రీక్వెన్సీల మేర) మధ్యలో, సిగ్నల్ బలం మైనస్ 90 డీబీఎం దగ్గర పెట్టి, ఆడియో మీటర్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. ఇప్పుడు సిగ్నల్‌ని 6 డీబీ పెంచి, మీటర్ మళ్లీ అదే అంకెకి వచ్చేదాకా ఫ్రీక్వెన్సీని పక్కకి జరపండి. రెండు వైపులా చేస్తే 6 డీబీ వెడల్పు వస్తుంది. 60 డీబీ పెంచి మళ్లీ చేయండి. రెండో వెడల్పుని మొదటిదానితో భాగిస్తే వచ్చేదే షేప్ ఫ్యాక్టర్, అది 1కి ఎంత దగ్గరైతే ఫిల్టర్ అంచు అంత నిటారు. ఉదాహరణకి 2.6 కిలోహెర్ట్జ్‌ని 2.4తో భాగిస్తే 1.08, అది చాలా నిటారు ఫిల్టర్. నిటారు కావాలంటే ట్యాప్‌లు (ఫిల్టర్ లెక్కలో వాడే గుణకాలు) పెరగాలి, ఆలస్యమూ పెరుగుతుంది. సెకనుకి 48,000 శాంపిళ్ల దగ్గర 4,801 ట్యాప్‌ల లీనియర్ ఫేజ్ (అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఒకేలా ఆలస్యం చేసే) ఫిల్టర్ 50 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది. మోర్స్ కొట్టేవారికి అది చెవిలో తెలిసిపోతుంది.

నాకు టెన్షన్ తెప్పించింది మాత్రం మీరు మామూలుగా అనేసిన ఆ మాట: పాస్‌వర్డ్ లేకుండా పోర్ట్ తెరిచారట! తెరిచిన పోర్ట్‌ల కోసం ఇంటర్నెట్ మొత్తాన్ని రాత్రీపగలూ జల్లెడ పట్టే ప్రోగ్రాములు ఉన్నాయి. మీది వినడానికి మాత్రమే పనికొచ్చే రిసీవర్ అయితే ఎవరో మీ ఫ్రీక్వెన్సీ మార్చేసి పోతారు, అంతే. కానీ మీది ట్రాన్సీవర్. ఎవరో మీ రేడియోతో ట్రాన్స్‌మిట్ చేస్తే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది లైసెన్స్ ఉన్న మీరే. ఆ పోర్ట్‌ని ఇప్పుడే మూసేసి, మిత్రుడికి వీపీఎన్ (అనుమతి ఉన్నవారికే తెరుచుకునే రహస్య దారి) ద్వారా దారి ఇవ్వండి. రూటర్‌లో యూపీఎన్‌పీ కూడా ఆపండి, కొన్ని ప్రోగ్రాములు మనల్ని అడక్కుండా దాంతో పోర్ట్ తెరుచుకుంటాయి.

అసలు పాస్‌వర్డ్ గడి ఖాళీగా ఉన్నా రిమోట్ సర్వర్ మొదలయ్యేలా రాసినవాళ్లని ఏమనాలి? పైగా కొన్నిసార్లు అప్‌డేట్ వేస్తే చాలు, మనం ఆపిన సెట్టింగులు చెప్పాపెట్టకుండా ఆన్ అయిపోతాయి. అందుకే కొలిచే ముందు నాయిస్ రిడక్షన్, ఆటో నాచ్ కూడా ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఆటో నాచ్ ఆన్‌లో ఉంటే మీరు పంపిన టోన్‌నే మింగేస్తుంది, మళ్లీ ఫిల్టర్ పాడైందని నాకు రాస్తారు.