ప్రశ్న–జవాబు: వీడియో థెరపీకి మీరు కూర్చున్న చోటే లెక్క

ప్రశ్న: పెళ్లయ్యాక హెచ్‌-4 వీసా మీద డల్లాస్ దగ్గర ఉంటున్నాను. ఏడాదిగా సరిగా నిద్ర లేదు, ఊరికే ఏడుపొస్తోంది. తెలుగు మాట్లాడే థెరపిస్టు ఒకావిడ న్యూజెర్సీలో దొరికారు. పేరు పక్కన ఎల్‌సీఎస్‌డబ్ల్యూ అని ఉంది. ఆవిడ డాక్టరేనా? వీడియోలో చూపించుకోవచ్చా? ఇన్సూరెన్స్ మావారి పేరు మీద ఉంది, ఆయనకు తెలియకుండా కుదురుతుందా? అత్తగారు, మామగారు కూడా మాతోనే ఉన్నారు.
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ఆవిడ డాక్టర్ కాదు, మందులు రాయరు. ఎల్‌సీఎస్‌డబ్ల్యూ అంటే లైసెన్స్‌డ్ క్లినికల్ సోషల్ వర్కర్. సోషల్ వర్కర్ అనగానే మనకు స్వచ్ఛంద సంస్థలో పనిచేసేవాళ్లు గుర్తొస్తారు. అమెరికాలో ఈ లైసెన్స్ కావాలంటే సోషల్ వర్క్‌లో మాస్టర్స్ చదవాలి, ఆ తర్వాత సీనియర్ పర్యవేక్షణలో పేషెంట్లను చూడాలి, క్లినికల్ పరీక్ష పాసవ్వాలి. టెక్సస్‌లో ఆ పర్యవేక్షణ కాలం 3,000 గంటలు. డిప్రెషన్, ఆందోళన వంటివాటిని నిర్ధారించి, మాటలతో వైద్యం చేసే అర్హత వీళ్లకుంది. మందు అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికో, మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికో పంపుతారు.

అసలు చిక్కు న్యూజెర్సీ దగ్గర ఉంది. వీడియోలో చూసినా, చట్టం లెక్కలో వైద్యం జరిగేది పేషెంటు కూర్చున్న చోట. మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి ఆవిడకు టెక్సస్ లైసెన్స్ ఉండాలి. చాలామందికి రెండు మూడు రాష్ట్రాల లైసెన్సులుంటాయి, ముందు అడగండి. ఆ తర్వాత టెక్సస్ బిహేవియరల్ హెల్త్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆవిడ పేరు కొట్టి చూడండి. ఖర్చేమీ లేదు. లైసెన్స్ ఇప్పుడు చెల్లుతోందా, ఎప్పటివరకు చెల్లుతుంది, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా, ఈ మూడూ చూసుకోండి. వేరే రాష్ట్రాల్లో ఉన్న పాఠకులకు ఒక మాట: ఇదే అర్హతను మసాచుసెట్స్, వాషింగ్టన్‌లలో ఎల్‌ఐసీఎస్‌డబ్ల్యూ అంటారు, మేరీలాండ్‌లో ఎల్‌సీఎస్‌డబ్ల్యూ-సి అంటారు. అక్షరాలు మారాయని అనుమానపడక్కర్లేదు.

ఇక మీవారి సంగతి. ప్రతి సిట్టింగ్ తర్వాతా ఇన్సూరెన్స్ కంపెనీ ఈఓబీ అనే కాగితం పంపుతుంది. అది సాధారణంగా పాలసీదారు పేరు మీదే, అంటే మీవారి పేరు మీదే వస్తుంది. థెరపిస్టు పేరు, తేదీ, సేవ రకం, డబ్బు వివరాలు అందులో కనిపిస్తాయి. మీరు మాట్లాడినదేదీ అందులో ఉండదు. ఆ కాగితం ఆయన కంట పడితే మీకు ప్రమాదమనుకుంటే, వైద్య వివరాల గోప్యతను కాపాడే హిపా చట్టం కింద మీ కాగితాలను వేరే చిరునామాకు పంపమని ఇన్సూరెన్స్‌వాళ్లను లిఖితపూర్వకంగా కోరవచ్చు. ప్రమాదం ఉందని మీరు రాస్తే వాళ్లు ఒప్పుకుని తీరాలి. ఇది మొదటి సిట్టింగ్‌కు ముందే చేయండి. ఒకసారి వెళ్లిపోయిన కాగితాన్ని వెనక్కి తెప్పించలేం.

రెండో దారి, ఇన్సూరెన్స్ వాడకుండా సొంత డబ్బు కట్టడం. అప్పుడు ఖర్చు అంచనా కాగితం ముందుగానే ఇవ్వాలని 2022 జనవరి 1 నుంచి చట్టం ఉంది. బిల్లు ఆ అంచనాకన్నా 400 డాలర్లు, ఆపైన ఎక్కువొస్తే 120 రోజుల్లోగా సవాలు చేయవచ్చు.

ఇన్సూరెన్స్ వాడితే, కార్డు వెనకున్న నంబర్‌కు ఫోన్ చేయండి. ‘మీ కంపెనీ ఇన్సూరెన్స్ తీసుకుంటాం’ అని వెబ్‌సైట్‌లో రాసి ఉన్నా నమ్మేయకండి. ఒకే కంపెనీకి చాలా ప్లాన్లుంటాయి, మీ ప్లాన్‌లో ఆవిడ ఉండకపోవచ్చు. వీడియో సిట్టింగ్‌కు మీరు కట్టాల్సింది ఎంత, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ డబ్బివ్వడం మొదలుపెట్టేముందు ఏటా మీరే కట్టాల్సిన మొత్తం) ఇంకా ఎంత మిగిలింది అని అడిగి, ఆ కాల్‌కు ఇచ్చిన రిఫరెన్స్ నంబర్ రాసుకోండి. బిల్లులో మొదటి సిట్టింగ్‌కు 90791 అనే కోడ్ వస్తుంది. తర్వాతివాటికి 38 నుంచి 52 నిమిషాలైతే 90834, 53 నిమిషాలు, ఆపైన అయితే 90837. గడియారం చూసుకుని కోడ్ సరిపోల్చుకోండి. చాలా ప్లాన్లలో డిడక్టిబుల్ జనవరిలో మళ్లీ మొదటికొస్తుంది, కొత్త సంవత్సరం బిల్లు చూసి కంగారుపడి మానేసేవాళ్లున్నారు.

నలుగురున్న ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యం గది. చిన్న టేబుల్ ఫ్యాన్ తలుపు బయట పెట్టండి. లోపల పెడితే ఆ హోరు మైకులో పడి మీ మాట ఆవిడకు వినపడదు, బయట పెడితే మీ మాటను కప్పేస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు. మీ ఫోన్‌ను ఇంతకుముందు బ్లూటూత్‌తో హాల్లో టీవీకి కలిపి ఉంటే, థెరపిస్టు గొంతు నేరుగా టీవీలో మోగే ప్రమాదముంది. వైరున్నవే మేలు. కార్లో మాట్లాడాలంటే బండి పార్క్ చేసి, ఏసీ వేసుకుని కూర్చోండి. నడుపుతూ మాట్లాడతానంటే ఏ మంచి థెరపిస్టూ ఒప్పుకోరు. ఎవరైనా గదిలోకి వస్తే అనడానికి ఒక మామూలు మాట ముందే అనుకోండి. ‘ఆ రెసిపీ తర్వాత పంపుతాను’ అన్నారంటే మాట మార్చాలని ఆవిడకు అర్థం కావాలి.

మీరు రాయలేదు కానీ అడగక తప్పదు. ఇంట్లో ఎవరైనా చేయి చేసుకుంటున్నారా? అయితే థెరపీకన్నా ముందు 800-799-7233కు ఫోన్ చేయండి. జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ అది, దుబాసీ కావాలని అడగవచ్చు.

ప్రశ్న: మొదటి సిట్టింగ్‌కు ముందు ఒక ఫారం పంపారు. అందులో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననిపించిందా అని. అప్పుడప్పుడు అనిపిస్తుంది. నిజం రాస్తే పోలీసులొస్తారా?
– ఎంఎస్ విద్యార్థి, ఒహాయో

జవాబు: ఆ ఆలోచన ఇప్పుడు బలంగా ఉంటే ఇది పక్కన పెట్టి ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, మెసేజ్ అయినా పెట్టండి. రాత్రీ పగలూ పలుకుతారు.

మీకు పంపింది డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ఫారం అయి ఉండాలి. గత రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వస్తే డిప్రెషన్ గురించి లోతుగా అడుగుతారు. మనవాళ్లు మొహమాటానికి అన్నిటికీ సున్నా పెట్టేసి, సిట్టింగ్‌లో మాత్రం తల బరువు, గుండె దడ అని చెబుతారు. అలా చేస్తే థెరపిస్టుకు అసలు బాధ అందదు.

తొమ్మిదో ప్రశ్నకు నిజమే రాయండి. ఆలోచన వచ్చిందన్నంత మాత్రాన పోలీసులను పిలవరు. ఎంత తరచుగా వస్తోంది, ఎలా చేయాలని అనుకున్నారా, అందుకు కావాల్సినవి దగ్గరున్నాయా అని అడుగుతారు. ఆపైన మీతో కలిసి ఒక సేఫ్టీ ప్లాన్ రాస్తారు: ఏ లక్షణం కనిపిస్తే జాగ్రత్తపడాలి, ఎవరికి ఫోన్ చేయాలి, గదిలోంచి ఏం తీసేయాలి. ప్రాణానికి తక్షణ ముప్పు ఉందనిపిస్తేనే మీ అనుమతి లేకుండా బయటివాళ్లకు చెబుతారు. ప్రతి సిట్టింగ్ మొదట్లో ‘ఇప్పుడు ఎక్కడున్నారు’ అని చిరునామా అడిగేది అంబులెన్స్ పంపాల్సి వస్తే అని కూడా. దాన్ని తప్పు చెప్పకండి.

ప్రశ్న: ఆరు వారాలు విజయవాడ వెళ్తున్నాం. అక్కడినుంచి సిట్టింగ్స్ కొనసాగించవచ్చా?

జవాబు: అమెరికా రాష్ట్రమిచ్చిన లైసెన్స్ ఇండియాలో ఉన్న పేషెంటును చూడడానికి వర్తించదు, చాలామంది ఒప్పుకోరు. ఇంటర్నెట్‌లో మీరున్న చోటును దాచే వీపీఎన్ పెట్టుకుని ఇంకా అమెరికాలోనే ఉన్నట్టు చెబితే ఇన్సూరెన్స్‌వాళ్లు క్లెయిమును తిరస్కరించవచ్చు, ఆపదలో ఎవరూ మీ దగ్గరికి రాలేరు. నెల ముందే థెరపిస్టుకు చెప్పి, ఆ ఆరు వారాలకు ఏం చేయాలో రాయించుకోండి. ఇండియాలో ఉండగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: థెరపీకి వెళ్తే గ్రీన్ కార్డుకు అడ్డం అవుతుందా?

జవాబు: దిగులుకో, నిద్రలేమికో థెరపీ తీసుకోవడం అడ్డం కాదు. గ్రీన్ కార్డు కోసం చేసే ఐ-693 వైద్య పరీక్షలో చూసేది మానసిక రుగ్మతతో పాటు తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. అలాంటి చరిత్ర ఉంటే ముందు ఇమిగ్రేషన్ అటార్నీతో మాట్లాడండి. డాక్టర్ అడిగినదానికి మాత్రం అబద్ధం చెప్పకండి, చాలాసార్లు జబ్బుకన్నా ఆ అబద్ధమే పెద్ద చిక్కు తెస్తుంది.