సందేహాలు – సమాధానాలు: కొరడా సాలీడా, తోకలేని కొరడా తేలా?

సందేహం: పిల్లల పత్రిక కోసం ప్యూర్టో రికో గుహల్లో ఉండే 'ఫ్రైనస్ లాంగిపీస్' అనే ప్రాణి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఇంగ్లీషులో దీనికి రెండు పేర్లున్నాయి: విప్ స్పైడర్, టెయిల్‌లెస్ విప్ స్కార్పియన్. నేను 'కొరడా సాలీడు' అని రాశాను. సంపాదకులు దాన్ని 'తోకలేని కొరడాదేలు' అని దిద్దారు. ఏది సరైనది? వ్యాసంలోని మూడు వాక్యాలు కూడా పంపుతున్నాను. 'ఈ కీటకం కాళ్ళతో వాసన చూస్తుంది.' 'గుహలో వల పన్ని వేటాడుతుంది.' 'కడుపుతో ఉన్న తల్లి నెలల తరబడి గుడ్లను పొదుగుతుంది.' తప్పులుంటే చెప్పగలరు. – ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: ముందు ఆ 'దేలు' సంగతి తేల్చేద్దాం. త అనేది ద కావటానికి ఒక పద్ధతుంది. తల్లీ తండ్రీ కలిస్తే తల్లిదండ్రులు, అన్నా తమ్ముడూ కలిస్తే అన్నదమ్ములు, కూరా కాయా కలిస్తే కూరగాయలు. ఇవన్నీ ద్వంద్వ సమాసాలు, రెండు మాటలకూ సమాన హోదా. ఆ లెక్కన కొరడాదేలు అంటే కొరడా ఒకటి, తేలు ఒకటి, రెండూ పక్కపక్కన ఉన్నాయని. మీ సంపాదకుల ఉద్దేశం అది కాదు. పాలపిట్టను ఎవరూ పాలబిట్ట అనరు కదా. అనదలిస్తే కొరడా తేలు అనాలి.

అనవచ్చా అన్నది వేరే ప్రశ్న. కొరడా తేలు అనే ప్రాణి నిజంగానే ఉంది. అది మీ ప్రాణికి చుట్టమే గానీ మీ ప్రాణి కాదు. దానికి వెనకాల సన్నటి తాడులాంటి తోక ఉంటుంది. ఆ తోకే దాని కొరడా. బెదిరిస్తే వెనిగర్ వాసన కొట్టే ద్రవం చిమ్ముతుంది. మీ ప్యూర్టో రికో ప్రాణికి వెనకాల ఏమీ లేదు. దాని కొరడాలు ముందున్నాయి, అవి మొదటి జత కాళ్ళు. శరీరం పొడవుకు కొన్ని రెట్లు సాగి, దారాల్లా సన్నబడిపోయిన కాళ్ళు. అంటే ఇంగ్లీషువాళ్ళు 'విప్' అనే ఒకే మాటను ఒకదాని తోకకూ ఇంకొకదాని కాళ్ళకూ తగిలించారు. 'తోకలేని కొరడా తేలు' అన్నప్పుడు ఆ గందరగోళమంతా మనింటికి వచ్చిపడుతుంది. కొరడా తేలుకు తోకే కొరడా. ఆ తోక లేదంటున్నాం. ఇక మిగిలింది కొరడా లేని కొరడా తేలు! తలలో విషం పాముకు, తోకలో విషం తేలుకు అని చిన్నప్పుడు బట్టీ పట్టాం. దీనికి తలలోనూ విషం లేదు, తోకలోనూ లేదు, ఆ మాటకొస్తే తోకే లేదు. తేలు అనగానే తెలుగువాడి కళ్ళ ముందు నిలిచేది కొండి. కొండి లేనిదాన్ని తేలు అంటే పిల్లలకు అనవసరంగా భయం పెట్టినవాళ్ళమవుతాం.

శాస్త్రజ్ఞులు కూడా ఈ రెండింటినీ వెనక నుంచి చూసే విడదీశారు. దీని గణాన్ని ఆంబ్లిపైజీ అంటారు. గ్రీకులో ఆంబ్లిస్ అంటే మొద్దు, పైజీ అంటే పిరుదు. మన పల్లెల్లో తోక తెగిన కుక్కను మొండితోక కుక్క అంటాం చూడండి, అదే వరసలో ఇది 'మొండిపిర్ర'. తోకున్న చుట్టానికి యూరోపైజీ, అంటే 'తోకపిర్ర'. పిల్లల పత్రికలో ఈ ముక్క వేసుకోండి, వ్యాసంలో మిగతాదంతా మరచిపోయినా ఇది మరచిపోరు.

ఇక సాలీడు. ఇక్కడా చిక్కు లేకపోలేదు. సాలె అంటే నేత పని చేసేవాడు. సాలెపురుగు అంటే నేసే పురుగు. సంస్కృతంలోనూ ఇదే చూపు. అమరకోశం సాలీడుకు లూత, తంతువాయ, ఊర్ణనాభ, మర్కటక అని నాలుగు పేర్లిచ్చింది. వాటిలో తంతువాయమంటే నేతగాడే. ఊర్ణనాభమంటే బొడ్డులో ఉన్ని ఉన్నది. ఇలా మన రెండు భాషల్లోనూ సాలీడు పేరు దారం చుట్టూనే తిరుగుతోంది. మీ ప్రాణి మాత్రం జన్మలో ఒక్క పోగు తీయదు. పట్టు గ్రంథులే లేవు. గూడు లేదు, వల లేదు. కాబట్టి అల్లని సాలీడు, కుట్టని తేలు, ఈ రెండు అబద్ధాల్లో ఒకదాన్ని మనం ఎంచుకోవాలి.

నా ఓటు మొదటిదానికే. పేరు అబద్ధమాడితే కొంపేమీ మునగదు. కుమ్మరిపురుగు కుండలు చేయదు, మట్టిలో తిరుగుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. గొల్లభామ పాలమ్మదు. రోకలిబండ అనే పురుగుతో ఎవరూ వడ్లు దంచరు. జనం పోలికను బట్టి పిలుస్తారు, పిలిచిన పిలుపు నిలుస్తుంది. సాలీడు అన్నప్పుడు ఈనాటి పాఠకుడికి మగ్గం గుర్తుకు రాదు, ఎనిమిది కాళ్ళ ఆకారం గుర్తుకొస్తుంది. ఆ ఆకారం వరకు పేరు సరిపోతుంది. పేరులోని అబద్ధం క్రియలోకి పాకినప్పుడే అసలు తప్పు. సాలీడు అన్నాం కదా అని చేయి దానంతటదే 'అల్లింది', 'వల పన్నింది' అని రాసేస్తుంది. మీ రెండో వాక్యంలో జరిగింది ఇదే. 'వల పన్నటం' మనకు నుడికారం కూడా, పోలీసులు వల పన్ని దొంగను పట్టుకుంటారు. అయినా సాలీడు పక్కన ఆ మాట వేస్తే ఏ పిల్లవాడైనా దాన్ని నిజం వల అనే అనుకుంటాడు. 'మాటు వేసి' అనండి, 'పొంచి ఉండి' అనండి.

కొరడా అన్న మాట ఉత్తరాది నుంచి వచ్చిందని కొందరు అభ్యంతరం చెబుతారు. చబుకు కూడా అలా వచ్చిందే, పారసీ నుంచి. అచ్చంగా మన పొలాల మాట కావాలంటే చెర్నాకోల ఉంది. కానీ కోల అంటే కర్ర. చెర్నాకోలలో సగం కర్ర, సగం తాడు. దీని కాళ్ళలో కర్రతనం ఎక్కడా లేదు. కొరడానే ఉంచండి. అసలు నన్నడిగితే ఆ కాళ్ళకు కొరడా కన్నా మంచి పోలిక మన దగ్గరుంది: మీసం. రొయ్యకు లేదా బారెడు మీసం అంటారు కదా, బొద్దింకకూ మీసాలే అంటాం. పాఠ్యపుస్తకాలు వాటిని స్పర్శశృంగాలు అని, మెత్తటి మీసాన్ని కొమ్ము చేసిపెట్టాయి. మీ ప్రాణి ఆ కాళ్ళతో కొట్టదు, తడుముతుంది. అందుకని వ్యాసంలో ఆ అవయవాన్ని వర్ణించాల్సి వచ్చినచోటల్లా 'మీసకాళ్ళు' అని వాడి చూడండి. పుట్టుకకు కాలు, పనికి మీసం.

ఇప్పుడు మొదటి వాక్యం. 'కీటకం' తీసేయండి. పురుగు అనండి, తప్పులేదు. తెలుగులో పురుగు చాలా పెద్ద గంప. మా అమ్మమ్మ రాత్రిపూట పాము పేరెత్తేది కాదు. 'పురుగు కనబడింది, దీపం తీసుకురారా' అనేది. అన్నం మెతుకంత దాని నుంచి బారెడు పాము దాకా అందులో ఇమిడిపోతాయి. కీటకం అలా కాదు. బడి పుస్తకాలు దానికి హద్దు గీశాయి: ఆరు కాళ్ళు, తల మీద ఒక జత మీసాలు. ఈ ప్రాణిని చూసి మోసపోవటం తేలిక, ఎందుకంటే నడిచేది ఆరు కాళ్ళతోనే, ముందు రెండు మీసాల్లా ఆడుతుంటాయి. లెక్కపెడితే కాళ్ళు ఎనిమిది. నోటి దగ్గర ముళ్ళు మొలిచిన రెండు చేతులున్నాయి కానీ అవి కాళ్ళ లెక్కలోకి రావు.

'కాళ్ళతో వాసన చూస్తుంది' అన్న ముక్కను మాత్రం తాకవద్దు. దాన్ని మీరెందుకు అనుమానించారో ఊహించగలను. వాసనను చూడటమేమిటి, అదీ కాళ్ళతో అని. కానీ తెలుగులో చూపు కంటిది మాత్రమే కాదు. వాసన చూస్తాం, రుచి చూస్తాం, చెయ్యి పెట్టి వేడి చూస్తాం, తూకం వేసి చూస్తాం. ఈ ప్రాణికి మన క్రియ కుదిరినంతగా ఇంకెవరి క్రియా కుదరదేమో. కోస్టారికా అడవుల్లో దీని దగ్గరి బంధువు పారాఫ్రైనస్ లెవిఫ్రాన్స్‌ను దాని చెట్టు మొదలు నుంచి తీసుకెళ్ళి మీటర్ల దూరంలో వదిలారు. కళ్ళు కప్పినా చీకట్లో ఇంటిదారి పట్టింది. మీసకాళ్ళ కొసలు పనిచేయకుండా చేస్తే మాత్రం దారి తప్పింది. ఇంటిని కాళ్ళతో చూస్తుందన్నమాట, వాసన చూస్తుందన్నమాట.

వేటను మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. పిల్లలకు కావలసింది అదే. చీకటి పడ్డాక గుహ గోడకు బల్లపరుపుగా అంటుకుని ఉంటుంది. ఒక మీసకాలు ముందుకు, ఒకటి పక్కకు తిప్పుతూ ఉంటుంది. ఒక పురుగు అటుగా వచ్చింది. మీసకాలి కొస దాని మీద నుంచి అంటీ ముట్టనట్టు పోతుంది. ఈ నుడికారాన్ని దాని అసలు అర్థంలో వాడే అవకాశం మళ్ళీ దొరకదు, వాడుకోండి. పురుగు కదలదు, ఇదీ కదలదు. అలా కొంతసేపు. తర్వాత ముళ్ళచేతులు ఒక్క ఉదుటున తెరుచుకుని మూసుకుంటాయి. దీనికి తెలుగు క్రియ 'ఒడిసిపట్టటం'. 'దాడి చేసింది' అన్న పత్రికల మాట పెట్టకండి. నడక చెప్పాల్సి వస్తే ఎండ్రకాయ నడక అనండి, అడ్డంగా పోతుంది. తమలో తాము పోట్లాడుకునేటప్పుడు కూడా ముందు మీసకాళ్ళతో తడుముకుని, చేతులు చాచి కొలుచుకుని, ఆ తర్వాతే కలియబడతాయి. ఒక్కోసారి ఓడినదాన్ని గెలిచింది తినేస్తుంది కూడా. ఇది పిల్లల పత్రికలో వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా ఉద్దేశంలో పిల్లలు మనకన్నా గట్టివాళ్ళు.

మూడో వాక్యంలో రెండు తప్పులున్నాయి. మగది పొట్లంలా కట్టిన శుక్రాన్ని నేల మీద నిలబెడుతుంది, ఆడది దాన్ని తీసుకుంటుంది. తర్వాత పెట్టిన గుడ్లు ఒక తిత్తిలో తల్లి కడుపు కింద బయటివైపు అంటుకుని ఉంటాయి. కడుపుతో ఉండటం వేరు, కడుపు కింద మోయటం వేరు. 'గుడ్లు మోస్తున్న తల్లి' అంటే సరిపోతుంది. ఇక పొదగటం అంటే పైన కూర్చుని వెచ్చదనం ఇవ్వటం, అది కోడి పని. ఇక్కడ వెచ్చదనం లేదు, మోత ఒక్కటే ఉంది. పిల్లలు బయటికి రాగానే తల్లి వీపెక్కుతాయి. దీనికి మనకు ఎంత చక్కటి మాటుందో చూడండి: ఉప్పుమూట. తెల్లగా, మెత్తగా ఉన్న పిల్లలు తల్లి వీపు మీద నిజంగా ఉప్పుమూటలాగే ఉంటాయి. మొదటి కుబుసం విడిచేదాకా దిగవు. ముందే జారిపడ్డవి బతకటం కష్టం.

కుబుసం అనవచ్చా, అది పాముది కదా అని మీరు అడగలేదు గానీ సంపాదకులు అడుగుతారు. కుబుసమంటే మొదట రవిక, చొక్కా. పాముకు అది పోలికగా వచ్చింది. దీనికి ఇంకా బాగా నప్పుతుంది, ఎందుకంటే ఇది తలకిందులుగా వేలాడి పాత చొక్కాలోంచి కాళ్ళు ఒక్కొక్కటే లాక్కుంటూ కిందికి జారుతుంది. మీసకాళ్ళ పొడవు తెలుసు కదా, ఎంత ఓపిక కావాలో ఊహించుకోండి. పైగా పెద్దయ్యాక కూడా కుబుసం విడుస్తూనే ఉంటుంది. నిర్మోచనం అన్న మాటను పరీక్ష పేపర్లకు వదిలేద్దాం.

పేర్ల ఉచ్చారణ గురించి రెండు ముక్కలు. ఫ్రైనస్ అనేది గ్రీకులో గోదురుకప్పకున్న పేరు నుంచి వచ్చింది. 1801లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు లామార్క్ పెట్టాడు. కప్ప పేరు పెట్టుకున్న ఈ ప్రాణి ప్యూర్టో రికోలో కోకీ అనే చిన్న కప్పల్ని తింటుంది! లాంగిపీస్ లాటిన్, పొడుగుకాళ్ళది అని అర్థం. అక్కడి జనం దీన్ని గ్వాబా అంటారు. ఈ స్థానిక నామాన్ని వ్యాసంలో ఒక్కసారైనా వేయండి. స్పానిష్‌లో జామపండు గ్వాయాబా, రెండూ కలిపేయకుండా చూసుకోండి.

మన దగ్గర ఇలాంటివి లేవా అని పిల్లలు ఉత్తరాలు రాస్తారు, సిద్ధంగా ఉండండి. ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన ఒక జాతికి 2005లో ఫ్రైనికస్ ఆంధ్రఎన్సిస్ అని పేరు పెట్టారు. '-ఎన్సిస్' అంటే 'ఆ చోటిది' అని లాటిన్ ప్రత్యయం. అ తర్వాత ఎ వచ్చింది కదా అని మీ సంపాదకులు వృద్ధిసంధి చేసి 'ఆంధ్రైన్సిస్' అని దిద్దవచ్చు. ఒప్పుకోకండి.