కోడి కుంటుతుంటే ముందు నేల చూడండి

ప్రశ్న: మా వనరాజా పెట్ట వారం నుంచి కుడికాలు సరిగ్గా ఆనించడం లేదు. ఎత్తి చూస్తే అరికాలు ఉబ్బి, మధ్యలో పెసరగింజంత నల్లటి పెచ్చు కనిపించింది. ముల్లు దిగి ఉంటుంది, బ్లేడుతో కోసి పిండేస్తే పోతుందని మా బావ అంటున్నాడు. కోయమంటారా?
– ఓ పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: వద్దమ్మా, ముందు ఆ బ్లేడు దాచేయండి. మీరు చెప్పిన పెచ్చు, వాపు చూస్తుంటే అది డాక్టర్లు బంబుల్‌ఫుట్ అనే అరికాలి పుండులాగే ఉంది. పాదం కింద చిన్న గీత పడినా చాలు, అందులోంచి బ్యాక్టీరియా (ఎక్కువగా స్టెఫైలోకాకస్) లోపలికి పోతుంది, పైన పెచ్చు కట్టేసి గాయం మానినట్టే ఉంటుంది, లోపల మాత్రం చీము పెరుగుతూనే ఉంటుంది. పైగా కోడికి చీము మనకు కారినట్టు కారదు, పాలకోవాలా గట్టిపడి లోపలే కూర్చుంటుంది. అందుకే పిండితే బయటికి వచ్చేది తక్కువ, ఇన్‌ఫెక్షన్ ఎముక దాకా పోయే ప్రమాదం ఎక్కువ.

వాపు తక్కువగా ఉండి, పెట్ట మామూలుగా మేత తింటుంటే ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. గోరువెచ్చని నీళ్లలో కాస్త ఎప్సమ్ సాల్ట్ కలిపి (మెడికల్ షాపులో దొరుకుతుంది) కాలిని 10, 15 నిమిషాలు ముంచి ఉంచండి. కోడిని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంటే గింజుకోదు. తరవాత పొడిగా తుడిచి, బెటాడిన్ రాసి, గాజుగుడ్డ పెట్టి కట్టు కట్టండి, రోజూ మార్చండి. కట్టు మరీ బిగించారో వేళ్లు ఉబ్బుతాయి, చల్లబడతాయి, కాబట్టి ఓ గంట తరవాత మళ్లీ చూసుకోండి. ఆ బ్యాక్టీరియా మనుషులకూ అంటుకోగలదు, గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. నాలుగైదు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోయినా, వాపు పైకి పాకినా, కాలు పట్టుకుంటే వేడిగా తగిలినా, మేత మానేసినా పశువుల డాక్టర్‌కు చూపించాల్సిందే, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆయన యాంటీబయాటిక్ ఇస్తే గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అప్పుడే అడిగేయండి, మనవాళ్లు మరిచిపోయేది సరిగ్గా అదే.

ఇదంతా సగం పనే. చీమకుర్తి అన్నారు కాబట్టి అడుగుతున్నా, పెరడు బురద అవకుండా గ్రానైట్ ముక్కలు గానీ పోశారా? మీ ఊరి గెలాక్సీ గ్రానైట్‌కు ఎంత పేరున్నా, దాని పెచ్చు అంచు కోడి పాదానికి కత్తే. వాటిని ఏరేసి, కోళ్లు తిరిగేచోట ఇసుకో ఊకో పొడిగా పరవండి, తడిస్తే మార్చండి. రెండోది, రాత్రి అది ఎక్కి కూర్చునే కర్ర ఎంత ఎత్తులో ఉంది? వనరాజా బరువైన రకం, గోడంత ఎత్తు నుంచి రోజూ తెల్లారి సిమెంటు గచ్చు మీదికి దూకితే అరికాలు ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? అడుగున్నర ఎత్తు చాలు. సన్నటి ఇనుప పైపు కాకుండా, రెండంగుళాల మందం ఉన్న సరుగుడు కర్రను చీలికలు లేకుండా నున్నగా చేసి కట్టండి. నేలా కర్రా మార్చకుండా ఎన్ని కట్లు కట్టినా పుండు మళ్లీ వస్తుంది.

ప్రశ్న: మా నాటుకోళ్ల కాళ్ల మీద పొలుసులు లేచి, తెల్లగా సున్నం పూసినట్టు అయ్యాయి. కిరసనాయిలు రాయమని మా అవ్వ చెబుతోంది.
– కోవూరు నుంచి ఒకరు

జవాబు: అవ్వ జబ్బును సరిగ్గానే పట్టింది, మందు దగ్గరే తేడా. పొలుసుల కింద కంటికి కనపడని పురుగు (ఒక రకం మైట్) సొరంగాలు తవ్వుతుంది, ఆ పొడే తెల్లగా కడుతుంది. కిరసనాయిలు పురుగుతో పాటు చర్మాన్నీ కాలుస్తుంది, వద్దు. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఆరాక వ్యాజిలిన్ దట్టంగా పట్టించండి, గాలాడక పురుగు చస్తుంది. లేచిన పొలుసుల్ని గోటితో పీకకండి, రక్తం వస్తుంది. రెండు మూడు రోజులకోసారి చొప్పున నెల రోజులు చేయాలి, ఎందుకంటే పొలుసుల కింద కొత్త పురుగులు పుడుతూనే ఉంటాయి. ఒక కోడికే చేసి ఊరుకుంటే లాభం లేదు, మందలో అన్నిటికీ చేయండి, కూర్చునే కర్రలు కూడా కడిగి ఎండబెట్టండి. ముదిరితే డాక్టర్ ఐవర్‌మెక్టిన్ ఇస్తారు, పక్కింటివాళ్లు మేకలకు తెచ్చిన సీసాలోంచి మీరే కొలిచి వేయొద్దు. పురుగు పోయినా కాళ్లు నున్నబడటానికి నెలలు పడుతుంది, తొందరపడకండి.

ప్రశ్న: మేడమీద రెండు పెట్టల్ని పెంచుతున్నాం. గోళ్లు పెరిగి పక్కకు వంకర తిరిగాయి, కత్తిరించాలంటే టెన్షన్‌గా ఉంది.
– కావలి నుంచి ఒకరు

జవాబు: గీరడానికి మట్టి లేక పెరిగాయి, అంతే. గోరు లోపల రక్తనాళం ఉంటుంది, తెల్లగోరైతే వెలుతురుకు పట్టి చూస్తే ఎర్రగా కనిపిస్తుంది, దానికి ఇవతలే ఆపండి. నల్లగోరైతే కనపడదు కాబట్టి కొసన కాస్త కాస్తగా మాత్రమే తీయండి, వారం తరవాత ఇంకాస్త. పొరపాటున రక్తం వస్తే కార్న్‌ఫ్లోరో పటిక పొడో అద్ది గట్టిగా నొక్కి పట్టుకోండి, పూర్తిగా ఆగేదాకా రెండోదానికి దూరంగా ఉంచండి, ఎర్రగా కనిపిస్తే అది పొడిచి పొడిచి పెద్దగాయం చేస్తుంది. పాత టబ్బులో మట్టీ ఇసుకా పోసి, ఒక గరుకు ఇటుక పడేసి, గింజలు అందులోనే చల్లండి. గీరుకుంటూ అవే అరగదీసుకుంటాయి.